పోగు లేని గాజు

గాజు కరిగి ఉన్నంతసేపూ కలపడం ఆపకూడదు. మా యజమాని దావీద్ మత్తే నాకు నేర్పిన విద్య మొత్తం ఇంతే. ఇరవై రెండేళ్ళు ఆయన కొలిమి దగ్గర పనిచేసి ఒక్క వాక్యం నేర్చుకున్నాను. బళ్ళో చదివినవాళ్ళు అంతకన్నా ఎక్కువే నేర్చుకుంటారేమో. నన్ను తొమ్మిదో ఏట బడి మాన్పించి గడియారాల పెట్టెలు చిత్రిక పట్టే పనికి పంపారు కాబట్టి ఆ సంగతి నేను చెప్పలేను.

మా కొండల్లో చేతులు ఊరికే ఉంచుకోవడమంటే దొంగతనం కన్నా కొంచెం తక్కువ పాపం. శీతాకాలం ఆరు నెలలూ ప్రతి కిటికీ వెనక ఎవరో ఒకరు గడియారపు చక్రాలకి పళ్ళు అరగదీస్తూ ఉంటారు. ముసలమ్మలు మంచాన పడ్డాక కూడా లేసు అల్లుతూ అల్లుతూనే కన్నుమూస్తారు. అలాంటి ఊళ్ళో మా దావీద్ మత్తేకి పెద్ద పేరు. పోయిన ఏడు ఊపిరితిత్తుల వాపుతో ఆయన పోతే సమాధి రాయి మీద "చెయ్యి ఆపనివాడు" అని చెక్కించారు. పుట్టిన తేదీ కన్నా పెద్ద అక్షరాలతో.

ఆయన జీవితమంతా వెతికింది దుర్బీను కటకానికి పనికొచ్చే గాజు. దుర్బీనుకి సీసం కలిపిన బరువు గాజు కావాలి. తెల్ల ఇసుకా, సిందూరం రంగు సీసపు పొడీ, బూడిద ఉప్పూ మట్టి మూసలో పోసి కరిగిస్తే సీసం అడుక్కి దిగుతుంది, తేలిక సరుకు పైకొస్తుంది. రెండూ తారసపడే చోట, నీళ్ళల్లో పాకం పోసినప్పుడు కనిపించేలాంటి సన్నటి తీగలు పుడతాయి. మేం వాటిని పోగులంటాం. కిటికీ అద్దంలో పోగు ఉంటే ఎవరికీ నష్టం లేదు. కటకంలో ఉంటే మాత్రం నక్షత్రానికి తోక మొలుస్తుంది. అందుకని మట్టితోనే లావుపాటి కవ్వం చేసి, దానికి పొడుగాటి ఇనప పిడి తగిలించి, ఉదయం నుంచి గాజు చిక్కబడేదాకా కలుపుతూ ఉండాలి. చెయ్యి మారితే వేగం మారుతుంది, కాబట్టి ఒక్కడే కలపాలి. ఆ ఒక్కడు నేను. నా పేరు జోస్యే. నాకు యాభై ఒకటి. నా రెండు మణికట్లూ వానొచ్చే ముందు నాకన్నా ముందే మేలుకుంటాయి.

పధ్నాలుగు మూసలు కరిగించాం. పదమూడింట్లో పోగులే. ఆరోది ఒక్కటి, అరచెయ్యంత ముక్క, నీళ్ళలా వచ్చింది. ఎందుకొచ్చిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు. నాకూ అడగబుద్ధి కాలేదు.

పదిహేనోది నేను ఒక్కణ్ణే చేసింది. ఆయన భార్య ఉర్సూల్ ముందే చెప్పేసింది. పారిస్‌లో కటకాలు సానపట్టే మొస్యూ లెగ్రిమోన్ అనే ఆయన క్రిస్మస్‌కి ముందు వస్తానని ఉత్తరం రాశాడు. జానెడు వెడల్పు గాజు పోగు లేకుండా ఉంటే కొలిమిని తన పనికి అట్టిపెట్టుకుంటాడు. లేకపోతే ఆవిడ ఇటుకలు ఊడదీయించి కింది ఊరి రొట్టెల వాడికి ఇచ్చేస్తుంది. నేనెక్కడికి పోవాలన్నది ఆవిడ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు. చక్రాల పళ్ళు కనిపించే కళ్ళు నాకు లేవు, చెట్లు కొట్టే నడుమూ లేదు.

అక్టోబరు చివర్లో ఒక మంచు పొగ కమ్మిన ఉదయం కవ్వం మూసలోకి దించాను. కట్టెలు వేసేది ఎలీ. నాకన్నా పదేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద.

"జోస్యే అన్నా, నీకిక మళ్ళీ పెళ్ళెందుకులే. ఇంత వేడి కౌగిలి ఏ ఆడదిస్తుంది?"

"నువ్వు కట్టెలెయ్యి. నాలుక తర్వాత వెయ్యొచ్చు."

"వేస్తున్నా, వేస్తున్నా. పాపం నాలిక్కి ఇది తప్ప వేరే ఊరేగింపు ఏదీ?"

వాడు పెరట్లో కొత్తగా వచ్చిన బండిలోంచి కట్టెలు దింపుకోవడానికి వెళ్ళాడు. నేను మా పద్ధతి ప్రకారం కీర్తన పాడుకుంటూ కలుపుతున్నాను. ఒక్కో పాదానికి మూడు చుట్లు. పెద్దగా పాడితే గొంతు ఎండిపోతుంది కాబట్టి పెదవులతోనే. కొలిమి నోట్లోకి అదేపనిగా చూస్తే కాసేపటికి చూపు నీది కాదు. తెలుపు కాదు, పసుపు కాదు, పేరులేని రంగు ఒకటి నిన్ను లోపలికి పిలుచుకుపోతుంది. గుడి గడియారం పది కొట్టడం విన్నాను.

తర్వాత నేను నది మీద ఉన్నాను. గడ్డకట్టిన మా నది. మంచు పలక మీద యజమాని బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, చేతుల్లో ఏమీ లేకుండానే ఏదో తోముతున్నాడు. ఆయన చేతుల మధ్య మాత్రం అవతలి ఒడ్డు కొంచెం పెద్దదిగా కనిపిస్తోంది.

"గాజెక్కడుందయ్యా?" అన్నాను.

"దాని మీదే నిలబడ్డావు గదరా."

కాళ్ళ కిందికి చూస్తే నది లేదు. లోతుకి అంతులేని స్వచ్ఛత, అందులో పగలే నక్షత్రాలు. చేపల్లా నెమ్మదిగా కదులుతున్నాయి. ఒక్కదానికీ తోక లేదు. ఇంకా వంగి చూడబోయాను.

"కదలకు," అన్నాడాయన, మందలింపేమీ లేకుండా. నేను కదల్లేదు. అంత హాయిగా నేను పెళ్ళిచేసుకున్న రోజున కూడా లేను. నా భార్య రెండేళ్ళకే పోయింది, ఆ మాట ఇక్కడ అనవసరం.

గుడి గడియారం అరగంట కొట్టింది. నేను నిలబడే ఉన్నాను. రెండు చేతులూ పిడి మీదే ఉన్నాయి. చుట్టూ తిరగవలసిన కవ్వం మాత్రం మూస మధ్యలో నిటారుగా, పాతేసిన గుంజలా నిలబడి ఉంది. నోట్లో కీర్తన మొదటి పాదం దగ్గరే ఆగిపోయి ఉంది.

మళ్ళీ కలపడం మొదలుపెట్టాను. కునుకు పట్టి ఉంటుంది, ఒక్క రెప్పపాటే అయి ఉంటుంది, గంటలు నేను సరిగా వినలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎలీ లోపలికి వచ్చి, కట్టె తోసి, నా మొహంలోకి చూశాడు.

"ఏంటన్నా, దయ్యాన్ని చూసినట్టున్నావు?"

"వేడి."

"వేడి ఇవాళ కొత్తా?"

మధ్యాహ్నం రెండు దాటాక గాజు చిక్కబడింది. కవ్వం పైకి తీసి, కొలిమి నోరు ఇటుకలతో మూసి, సందులన్నీ తడి మట్టితో మెత్తాం. ఇక నాలుగు వారాలు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. తొందరపడి తెరిస్తే చల్లగాలికి గాజు తనంతట తానే ముక్కలైపోతుంది.

సాయంత్రం కవ్వం చల్లారాక చేతిలోకి తీసుకున్నాను. సీసపు గాజు మట్టిని తింటుంది. తిరుగుతూ ఉన్న కవ్వాన్ని అన్ని వైపులా సమానంగా, చప్పరించిన మిఠాయిలా నున్నగా తింటుంది. దీని మీద మాత్రం గాజు అంచు నిలిచిన మట్టాన చుట్టూ వేలు దూరేంత గాటు పడి ఉంది. ఒకే చోట చాలాసేపు కొరికిన గాటు. రెప్పపాటు కాదు, అరగంట. దాన్ని తీసుకెళ్ళి బూడిద గుట్టలో మోచెయ్యి లోతున కప్పేశాను. దొంగతనం కన్నా తక్కువ పాపమని పైన అన్నాను గదా. ఆ పూట అలా అనిపించలేదు.

ఆ నాలుగు వారాలూ ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. మొదటి మంచు పడింది. ఊరంతా తెల్లగా మూగబోయి, మా కొలిమి కప్పు ఒక్కటే నల్లగా, తడిగా ఆవిరి కక్కుతూ ఉండేది. ఊళ్ళో పిల్లులన్నీ దాని మీదే పడుకునేవి. నేను గోడకి వీపు ఆనించి కూర్చుంటే ఇటుకల వెనక గాజు చల్లారుతున్న చప్పుడు వినిపించేది. చప్పుడంటే చప్పుడు కాదు, ఎవరో పెద్దమనిషి చాలా నెమ్మదిగా మనసు మార్చుకుంటున్నట్టు ఉండేది. లోపల పోగు ఒకటి మెలికలు తిరుగుతూ గట్టిపడటం కళ్ళు మూసుకుంటే కనిపించేది. దానికి నా మొహం ఉండేది.

మూడో వారం బట్టలుతుకుడు వచ్చింది. మా ఇళ్ళల్లో బూడిద నీళ్ళతోనే ఉతుకుతారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ బూడిదలో దాచాను, అదీ నా తెలివి. నేను బార్లీ సూపు ముందు కూర్చున్నప్పుడు ఉర్సూల్ ఆ కవ్వాన్ని తెచ్చి రొట్టెకీ చీజుకీ మధ్య బల్ల మీద పెట్టింది. ఆవిడకి అరవై నాలుగు. చిన్న మనిషి, మోచేతుల దాకా బూడిద.

"ఇది ఎప్పటిది జోస్యే?"

"పాతది అమ్మగారూ."

"పాతదానికి అంచు ఇంత పదునుగా ఉంటుందా? నలభై ఏళ్ళు మట్టితో మాట్లాడే మొగుడితో కాపరం చేశాను. నాకా నువ్వు చెప్పేది?"

సూపు వైపు చూశాను. అది కూడా నాకేమీ సాయం చెయ్యలేదు. "నిద్రపోయాను," అన్నాను.

"ఎంతసేపు?"

"అరగంట."

ఆవిడ తిడుతుందనుకున్నాను. ఎదురుగా కూర్చుని, పంటితో గోటి కింది బూడిద తీసుకుంటూ అంది. "ఆయనా వదిలేశాడు, ఒకసారి."

"ఎవరు?"

"ఇంకెవరు, నీ దేవుడు. మా అమ్మాయి లిడీకి గొంతు వాపు వచ్చి ఊపిరాడలేదే, ఆ రోజు. నేను కిటికీ లోంచి కేకేశాను. కవ్వం మూసలోనే వదిలేసి వచ్చి మంచం దగ్గర కూర్చున్నాడు. పిల్ల కళ్ళు తెరిచాక వెళ్ళాడు. మర్నాడు ఇదే బూడిదలో ఇలాంటిదే దొరికింది నాకు. మగాళ్ళందరికీ దాచుకోవడానికి ఒకటే చోటు తడుతుందేం?"

"ఆ రోజు నేనెక్కడున్నాను?"

"నువ్వు మీ అమ్మని పాతిపెట్టడానికి వెళ్ళావు. ఆ ఒక్కరోజే ఆయన కలిపాడు."

అప్పుడు నాకు అర్థమైంది. మా అమ్మ పోయింది ఆరో మూస రోజుల్లో.

"అదే బాగా వచ్చింది గదమ్మగారూ. ఆ ఒక్కటే బాగా వచ్చింది. ఆయనకి తట్టలేదా?"

"తట్టిందో, తట్టకూడదనుకున్నాడో. దేవుడి దయ అన్నాడు, ఊరుకున్నాడు. కొలిమి వదిలి లేచొచ్చానని ఈ ఊరికి ఎలా చెబుతాడు? నీకు మాత్రం ఎలా చెబుతాడు?"

నా మణికట్ల వైపు చూసుకున్నాను. ఆరు తర్వాత ఎనిమిది మూసలు. పన్నెండేళ్ళు. చచ్చిపోయినవాడి మీద కోపం రావడమంత దండగ పని ఇంకొకటి లేదు, తిరిగి ఒక్క మాటైనా అనడు.

"కాకతాళీయం అయి ఉంటుంది," అన్నాను.

"అయితే మరీ మంచిది," అంది ఆవిడ కవ్వాన్ని ఏప్రన్‌లో చుట్టుకుంటూ. "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. రాయి మీద చెక్కించిన మాటని గీకించలేను నేను."

మొస్యూ లెగ్రిమోన్ మంచు బండి మీద వచ్చాడు. సన్నటి మనిషి, జలుబుతో ఎర్రబడ్డ ముక్కు. అందరినీ 'మీరు' అంటాడు, ఎలీని కూడా. దాంతో ఎలీ రెండు రోజులు ఎవరి మాటా వినలేదు.

కొలిమి తెరిచి మూస పగలగొట్టాం. పొట్టేలు తలంత గాజు దిమ్మ, బయటంతా మట్టి కరిచి మురికిగా ఉంది. దాని మధ్యలోంచి జానెడు వెడల్పు ముక్క కోసి, ఎదురెదురు మొహాలు రెండూ ఇసుకతో, తర్వాత మెత్తటి మట్టితో నున్నగా రుద్దేసరికి నాలుగు రోజులు పట్టింది. రుద్దేటప్పుడు నేను లోపలికి చూడలేదు. చూపు చేతుల మీదే ఉంచుకున్నాను.

అయిదో రోజు పొద్దున దాన్ని కిటికీలో నిలబెట్టాం. ఎదురుగా మంచు కొండ, దాని గీత మీద వరసగా నల్లటి దేవదారు చెట్లు. గాజుని నెమ్మదిగా పక్కకి జరుపుతూ అందులోంచి ఆ చెట్లని చూడాలి. పోగు ఉన్న చోట చెట్టు వణుకుతుంది. ఒక్కోసారి వేడి మీద గాలి వణికినట్టు, ఒక్కోసారి విరిగినట్టు. నా జీవితంలో ఆ కొండ మీది చెట్లు ఎన్నిసార్లు వణకడం చూశానో చెప్పలేను.

మొస్యూ ఎడమ నుంచి కుడికి జరిపాడు. కుడి నుంచి ఎడమకి జరిపాడు. తిరగేసి పైనుంచి కిందికి జరిపాడు. ముక్కు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఆఖరికి నేల మీద కూలబడి, "మీరు చూడండి," అన్నాడు నాతో.

చెట్లు నిలబడి ఉన్నాయి. ఒకటి తర్వాత ఒకటి గాజులోకి వచ్చి, ఏమీ జరగనట్టు బయటికి వెళ్ళిపోయాయి. గాజు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో అంచు పట్టుకుంటే తప్ప తెలియలేదు. వాటి మీది మంచు కూడా నిద్రపోతున్నట్టే ఉంది. నేను నది మీద నిలబడ్డ ఆ అరగంట మళ్ళీ నా ఒంట్లోకి వచ్చింది.

"వణకట్లేదేంటి?" అన్నాడు ఎలీ నా భుజం మీంచి తొంగిచూస్తూ. "చెట్లు చచ్చాయా?"

మధ్యాహ్నం మొస్యూ లెగ్రిమోన్ పుస్తకం తెరిచి, సిరాబుడ్డి ఒళ్ళో పెట్టుకుని వెచ్చబరుస్తూ కూర్చున్నాడు. "కొలిమి ఉంటుంది, మీరూ ఉంటారు," అన్నాడు. "కానీ దీన్ని మళ్ళీ మళ్ళీ చెయ్యగలగాలి. పారిస్‌లో ఒక కొలిమి, ఇంకోచోట ఇంకోటి పెడతారు. వాళ్ళకి పద్ధతి రాసివ్వాలి. చెప్పండి, ఏం చేశారు? ఒక్కటి కూడా వదలకండి."

పాళ్ళు చెప్పాను. కట్టెల సంగతి చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

"కలిపింది?"

"తెల్లారగట్ల నుంచి రెండింటి దాకా."

"ఆపకుండా?"

ఉర్సూల్ గుమ్మం దగ్గర బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. కత్తి ఆగింది.

ఆపకుండా అంటే సరిపోయేది. ఆయన రాసుకునేవాడు, రాయి మీది మాట అలాగే ఉండేది, నా కొలిమి నాకుండేది. పెద్ద చదువులు చదివినవాడికి ఒక అబద్ధం ఇచ్చి పంపడంలో నాకు కొంచెం సరదా కూడా ఉండేదేమో, దాచనక్కర్లేదు. కానీ ఆ పుస్తకంలో ఆ ఒక్క మాట పడ్డాక, ఎక్కడో తెలియని ఊళ్ళో, నాలాంటి తలమాసినవాడొకడు కొలిమి నోటికి ఎదురుగా నిలబడి, మణికట్లు అరిగేదాకా కలుపుతాడు. మూస తెరిచిన ప్రతిసారీ చెట్లు వణుకుతాయి. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఇరవై రెండేళ్ళు అనుకుంటాడు.

"నిద్రపోయాను," అన్నాను. "పదింటి నుంచి పదిన్నర దాకా కవ్వం కదల్లేదు."

మొస్యూ నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. తర్వాత పుస్తకం మూశాడు. "రహస్యం చెప్పడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. నేనేమీ అనుకోను. ఇలా ఆటపట్టించడం ఎందుకు?"

"ఆటేంటండీ, నిజంగానే నిద్రపోయాను."

"నించునా?"

"అవును, నించునే."

"అన్న నించుని నిద్రపోగలడండీ," అన్నాడు ఎలీ. "గుళ్ళో ప్రసంగం వింటూ నా పక్కనే ఎన్నిసార్లు నిద్రపోయాడో." అది సాయం అనుకుని అన్నాడు. మొస్యూ ఇంకా నమ్మలేదు. కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఉర్సూల్ లేచి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ చేతుల్లో రెండు కవ్వాలున్నాయి. ఒకటి నాది. రెండోది నేనెప్పుడూ చూడనిది, పాతబడి పచ్చబారింది. ఏళ్ళ తరబడి ఎక్కడ దాచుకుందో తెలియదు. రెండింటికీ ఒకే మట్టాన ఒకేలాంటి గాటు. పుస్తకం మీద పక్కపక్కన పెట్టింది.

"ఇది ఇతనిది. ఇది మా ఆయనది. ఈ రెండు మూసలే బాగా వచ్చాయి. మిగతా పదమూడూ ఆపకుండా కలిపారు, మహానుభావులు," అంది. "రాసుకోండి. నా ముందే రాసుకోండి. మళ్ళీ మనసు మారుతుంది నాకు."

ఆయన రెండు గాట్లలోనూ వేలు పెట్టి చూశాడు. అప్పుడు రాసుకున్నాడు. గాజు నిలిచినప్పుడు బుడగలు పైకి పోతాయనీ, విడవకుండా కలిపితే మూస గోడల మట్టినే మేం లోపలికి గీరుకుంటున్నామనీ, ఇంకా ఏవేవో అన్నాడు. మాట్లాడేకొద్దీ అది ఆయన కనిపెట్టినదే అయిపోయింది. అవనీ. నిద్రపోయింది మాత్రం నేనే.

మార్చిలో పదహారో మూస. మొస్యూ మళ్ళీ వచ్చాడు. ఈసారి నిద్రపోవడం కుదరదు, మేలుకునే ఆపాలి. పదింటికి కవ్వం బయటికి తీసి కొక్కేనికి తగిలించి, నేను ముక్కాలి పీట మీద కూర్చున్నాను. చూడ్డానికి ఊరు ఊరంతా తలుపు దగ్గర చేరింది. గడియారాల వాళ్ళు కొందరు చక్రాలూ ఆకురాళ్ళూ చేత పట్టుకునే వచ్చారు.

"జోస్యే అన్నా, అలిసిపోతావు, కాస్త నెమ్మదిగా కూర్చో," అన్నాడు ఎలీ. అందరూ నవ్వారు.

నా చేతులు నాకు తెలియకుండానే ఒళ్ళో చుట్లు తిరుగుతున్నాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఆపాను. అంత బరువైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. ఉర్సూల్ జనాన్ని తోసుకుని లోపలికొచ్చి, ఇంకో పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆవిడ చేతుల్లో అల్లికా లేదు, కత్తీ లేదు. ఖాళీ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది. తలుపు దగ్గర నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు మూసలోకి చూశాను. ఇన్నేళ్ళలో నేను నిలిచిన గాజుని మేలుకుని చూడటం అదే మొదటిసారి. అడుగు నుంచి బుడగలు లేస్తున్నాయి. తొందరేమీ లేదు వాటికి. ఒకటి పైకొచ్చి, తలుపు తెరిచినంత నెమ్మదిగా విచ్చుకుని, లేకుండా పోయేది. దాని వెనకే మరొకటి. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య చాలాసేపు ఏమీ ఉండేది కాదు.

"అరగంట అయింది," అన్నాడు మొస్యూ లెగ్రిమోన్ జేబు గడియారం మూస్తూ.

ఇంకొకటి పైకొస్తోంది. "ఒక్క నిమిషం," అన్నాను.